నాన్న అతికించిన యొర్దాను

మా అటక మీది రీళ్ళ డబ్బాల కోసం ఆ ఏడాది ముగ్గురు వచ్చారు. ముగ్గురిలో ఒక్కడికైనా సినిమా రీలంటే ఏమిటో తెలిస్తే ఒట్టు. మొదటివాడు బేగంపేటలో కొత్తగా హోటలు పెడుతున్నాడు. డబ్బా మూత తీసి, రీలు కొస పట్టుకుని జాకెట్టు గుడ్డ చూసినట్టు వెలుతురుకి పెట్టి చూశాడు. దీన్ని బుట్టల్లా అల్లించి, లోపల బల్బులు పెట్టి, టేబుళ్ళ మీద వేలాడదీస్తానన్నాడు. "పాత లుక్ మస్తుంటది మేడం, గీ సాఫ్ట్‌వేరోళ్ళకు గదే కావాలె" అన్నాడు. తలుపు దాకా వెళ్ళి మరీ సాగనంపాను. రెండోవాడు పాత ఇనుప సామాన్లవాడు. డబ్బాలు మాత్రం ఇచ్చి లోపలిది మమ్మల్నే ఉంచుకోమన్నాడు. ముగ్గురిలో వాడే నయం. రేకు కోసం వచ్చాడు, రేకే అడిగాడు. మూడోవాడు దేవుడి మనిషి. పరిశుద్ధ దేశానికి టూర్లు తీసుకెళ్ళే బ్రదర్. అన్నీ వద్దు, ఒక్క రీలు చాలన్నాడు. ఆ ఒక్కటీ నేను అమ్మకూడనిది. అమ్మాను.

ఆ రీళ్ళు నాన్నవి. నాన్న అమీర్‌పేటలో మా చర్చిలో గంట కొట్టేవాడు, బెంచీలు తుడిచేవాడు, పెళ్ళిళ్ళకు కుర్చీలు వేసేవాడు. మిషన్ దొర తన దేశానికి వెళ్ళిపోతూ, సంఘ పెద్దలెవరికీ ఇవ్వకుండా, తన ప్రొజెక్టరునీ డజను పైచిలుకు రీళ్ళనీ నాన్న చేతిలో పెట్టి పోయాడు. బెంచీలు తుడిచేవాడికి ప్రొజెక్టరా అని పెద్దలు బతికినన్నాళ్ళూ కుళ్ళుకున్నారు. రీళ్ళలో చాలా వరకు యాత్రలవే. మంచు కొండలు, పిరమిడ్లు, ఐరోపాలో ఏదో పెద్ద నది, ఇంకా పరిశుద్ధ దేశం. ఏ రీలుకీ మాట లేదు, పాట లేదు, బొమ్మ ఒక్కటే. అందుకని ఆదివారం సాయంత్రాలు చర్చి గోడకి దుప్పటి కట్టి, ప్రొజెక్టరు పక్కన నిలబడి నాన్నే చెప్పేవాడు. విజయవాడ దాటి ఎరగని మనిషి మమ్మల్ని యెరూషలేము సందుల్లో చెయ్యి పట్టుకుని నడిపించేవాడు. "ఇదుగో, ఈ మెట్ల దగ్గర జాగ్రత్త, అరిగిపోయి ఉంటాయి" అనేవాడు. ముందు వరసలో ఆడవాళ్ళు నిజంగానే పాదాలు వెనక్కి తీసుకునేవాళ్ళు. నాకు నవ్వొచ్చేది. పెద్దయ్యాక నవ్వు పోయి చిరాకు వచ్చింది. చూడని ఊరి గురించి ఇంత ధీమాగా మాట్లాడే మనిషి మా నాన్న అయ్యాడేమిటా అని సిగ్గుపడేదాన్ని.

అమ్మకి ఆ సిగ్గు లేదు. ఆవిడది గుంటూరు వైపు. పెళ్ళయి పట్నం వచ్చిన మొదటి ఆదివారమే ఆ దుప్పటి మీద యొర్దాను నదిని చూసిందట. ప్రభువు బాప్తిస్మం తీసుకున్న నీళ్ళు కదులుతూ కనిపించాయని ఆ రాత్రంతా నిద్రపోలేదట. చచ్చేలోగా ఆ నదిలో ఒక్కసారి మునగాలి అన్న మాట నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్నాను. చీరలు అడగలేదు, నగలు అడగలేదు. అడిగి ఉంటే నాన్న కొనగలిగేవాడూ కాదు. అడిగిందల్లా యొర్దానే, అది వారం వారం గోడ మీద దొరికేది.

నాకు పన్నెండేళ్ళప్పుడు ఒక ఆదివారం సరిగ్గా యొర్దాను దగ్గరకు వచ్చేసరికి రీలు ఇరుక్కుంది. ఇరుక్కున్న ఫిల్మును దీపం వేడి కాల్చేస్తుంది. దుప్పటి మీద నది నడిమధ్య గోధుమరంగు మచ్చ లేచింది, బుడగలు కట్టింది, నది కరిగిపోయింది. జనం కేకలు పెట్టారు. కంగారులో నాన్న పట్టి లాగేసరికి రీలు పీలికలయింది. యొర్దాను ఉన్న ముక్కంతా పోయింది. అమ్మ మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. పెద్దలకు అంతకంటే మంచి ఆదివారం మళ్ళీ దొరకదు. వచ్చే వారం యొర్దాను కనబడకపోతే ప్రొజెక్టరు సంఘానికి అప్పగించెయ్యాలని అక్కడికక్కడే తీర్మానం చేశారు.

వచ్చే వారం యొర్దాను కనబడింది. శుక్రవారం నాడు అమ్మ ఉపవాస ప్రార్థనకి వెళ్ళినప్పుడు నాన్న ఐరోపా నది రీలు విప్పి, ఒక మంచి ముక్క కత్తిరించి, గమ్ముతో పరిశుద్ధ దేశం రీలుకు అతికించాడు. టార్చిలైటు పట్టుకున్నది నేను. పని అయ్యాక గమ్ము వేళ్ళు లుంగీకి తుడుచుకుంటూ "అమ్మకి చెప్పకు" అన్నాడు. ఆయన నాతో పంచుకున్న రహస్యం అదొక్కటే. అది కూడా మోసమే.

కొత్త యొర్దాను పాతదాని కంటే బ్రహ్మాండంగా ఉంది. ఇంత వెడల్పు, అంత నీలం, రెండు పక్కలా పచ్చటి కొండలు, కొండల నిండా ద్రాక్షతోటలు. "మొన్న చూపించిన చోటికి కొంచెం ఎగువన" అన్నాడు నాన్న. సంఘం మొత్తం ఒప్పుకుంది. కాలిపోయిన నది వారంలో ఇంకో నది అయి ఎలా వచ్చిందని అడిగినవాడు ఒక్కడు లేడు, పెద్దలతో సహా. అడగకపోవడమే భక్తి అనుకునే జనం.

చిక్కు ఒక్కటే. ఆ ముక్క మధ్యలో ఒక తెల్ల స్టీమరు పొగ గొట్టంతో సహా ఈ పక్క నుంచి ఆ పక్కకు తీరిగ్గా వెళ్తుంది. దాన్ని కత్తిరిస్తే నది రెండు క్షణాల్లో అయిపోతుంది. ఉంచితే ప్రభువు కాలం నాటి నదిలో స్టీమరు. నాన్న కత్తిరించలేదు. స్టీమరు ముక్కు తెర అంచున కనబడీ కనబడకముందే గొంతు తగ్గించి "ప్రియులారా, కళ్ళు మూసుకుని ప్రార్థన చేద్దాం" అనేవాడు. అంతే. మావాళ్ళకి ఆ మాట చెవిన పడితే చాలు, తల వాలిపోతుంది, కళ్ళు మూతపడతాయి. బస్సులో అన్నా మూసుకుంటారు. స్టీమరు దాటిపోయేంత సేపే నాన్న ప్రార్థన. పొగ కూడా పోయాక "ఆమెన్" అనేవాడు. పాతికేళ్ళు అలాగే నడిచింది. కాలిపోయిన నది ఎలా ఉండేదో అమ్మతో సహా అందరూ మరిచిపోయారు. నాన్న కాక కళ్ళు తెరిచి ఉండేదాన్ని నేనొక్కదాన్నే. నేను, స్టీమరు, దాని మీద నిలబడి మావైపు చెయ్యి ఊపే ఒక తెల్లామె.

తరవాత టీవీలు వచ్చాయి, దుప్పటి చూసేవాళ్ళు లేకపోయారు. నాన్న పోయాడు. ప్రొజెక్టరు అటకెక్కింది. నేను ఎర్రమంజిల్లో ఒక ఆఫీసులో ఫైళ్ళు కదుపుతూ, పెళ్ళి సంగతి ఎవరూ ఎత్తని వయసుకి వచ్చాను. ఈలోగా మా అమీర్‌పేటకి కంప్యూటర్లు వచ్చి పడ్డాయి. మా వీధిలో గోడ కనబడకుండా బోర్డులు. జావా, ఒరాకిల్, టెస్టింగ్, నలభై అయిదు రోజుల్లో ఉద్యోగం. రోజూ ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళ నుంచి పిల్లలు చంకలో జిరాక్సు కట్టలు పెట్టుకుని మందలు మందలుగా వస్తారు. ఏది చెప్పినా రాసుకుంటారు. చెప్పేవాడు నిన్నటి దాకా ఇదే క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నవాడని తెలిసినా రాసుకుంటారు. కళ్ళు మూసుకోవడం మా చర్చివాళ్ళ ఒక్కళ్ళ సొత్తు కాదని అప్పుడు తెలిసింది.

టూర్ బ్రదర్ ఆ మందలోంచి వచ్చినవాడే. మొదట ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లల్ని చేర్పించే కౌన్సిలరు. ఎవరొచ్చినా "నీకు ఒరాకిల్ కరెక్టుగుంటది తమ్మీ" అనేవాడని చెప్పుకునేవాళ్ళు. అమెరికాలో ఉద్యోగాలు ఊడి ఇక్కడ క్లాసులు ఖాళీ అయిన ఏడాది ఆయనకు దేవుడి పిలుపు వచ్చింది. ఎవరికి ఎప్పుడొస్తుందో తెలియని ఆ పిలుపు ఆయనకు సరిగ్గా జీతం ఆగిన నెలలో వచ్చింది. అదే ఇన్‌స్టిట్యూట్ హాలుని ఆదివారాలకు అద్దెకు తీసుకుని ప్రార్థనలు పెట్టాడు. కంప్యూటర్ల మీద గుడ్డలు కప్పి, వాటి మధ్య జనం మోకాళ్ళూని వీసాల కోసం ఏడ్చేవాళ్ళు. వీసా వచ్చినవాళ్ళ తల్లిదండ్రుల చేతిలో డబ్బు ఆడింది. ఆ డబ్బుకి ఆయన పరిశుద్ధ దేశం చూపించాడు. పంజగుట్టలో చీరల కొట్టు పైన ఆఫీసు తెరిచాడు. గోడ నిండా ఆయన ఫొటోలే. ఒంటె మీద ఆయన, యెరూషలేము గోడ దగ్గర ఆయన, చేపల వల పట్టుకుని ఆయన.

ఆయన మా ఇంటికి మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చాడు. అమ్మకి వంగి వందనాలు చెప్పాడు. నాన్న రీలు సంగతి పాత సంఘంవాళ్ళు చెప్పారట.

"అక్కా, అసలైన కలర్ల, పాతకాలం నాటి యొర్దాను అంట కదా. గిప్పుడు గట్లాంటిది ఏడ దొరుకుతది? మా మీటింగులల్ల ఏస్త. చూసినోళ్ళు టూరుకు రాకుంటే అడుగుండ్రి" అన్నాడు.

"అమ్మేది లేదండీ" అన్నాను.

"పైసల ముచ్చట వద్దక్కా. అమ్మకు మా టూర్ల సీటు ఇస్త. పాస్‌పోర్టు నుంచి అన్నం దాక అంత నాదే. యొర్దాను సుత చూపెడ్త, నా చేతులతోని ముంచుత."

అమ్మ వంటింటి గడప మీద నిలబడి ఉంది. చేతిలో గరిటె ఉంది. "ఏంటి బ్రదర్ గారూ, నన్నా?" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి గొంతు కాదది.

నా జీతంతో ఆ ప్రయాణం నా రిటైర్మెంటు దాకా కుదరదు, అప్పటి దాకా ఆవిడ మోకాళ్ళు ఆగవు. ఆ రీల్లో ఉన్నది యొర్దాను కాదని ఒక్క మాట అంటే బ్రదర్ మిఠాయి డబ్బా కూడా తీసుకుని లేచిపోతాడు. అమ్మ దృష్టిలో నాన్న దొంగ అవుతాడు. పోనీ, వెళ్ళి అసలు నదిని చూశాక గోడ మీది నది సంగతి ఎవరికి కావాలి, ఆ ఆనందంలో పోల్చుకుంటుందా ఏమిటి అనుకున్నాను. జనాన్ని వెర్రివాళ్ళ కింద జమకట్టడం అలవాటైతే తల్లి కూడా అందులో చేరిపోతుంది. సరేనన్నాను.

ముందు ఒకసారి వేసి చూపించమన్నాడు. శనివారం మధ్యాహ్నం, ఇన్‌స్టిట్యూట్ హాల్లో. ప్రొజెక్టరుని ఆటోలో పెట్టుకుని అమ్మా నేనూ వెళ్ళాం. బ్రదరు, ఆయన ఆఫీసు వాళ్ళు నలుగురైదుగురు కూర్చున్నారు. తెర లేదు, తెల్లబోర్డే తెర. దాని మీద పొద్దుటి క్లాసులో రాసింది సగం చెరిపి వదిలేశారు. యెరూషలేము గోడలు బ్రాకెట్ల మీద, సెమీకోలన్ల మీద పడ్డాయి. ఎవరికీ అది ఎబ్బెట్టుగా అనిపించలేదు.

నాన్న చెప్పినట్టు నువ్వే చెప్పమంది అమ్మ. చెప్పాను. మెట్ల దగ్గర జాగ్రత్త అన్నాను. అన్ని మాటలూ నాకు నోటికొచ్చని అప్పటి దాకా తెలియదు. యొర్దాను వచ్చింది. నీలంగా, ద్రాక్షతోటలతో, సిగ్గు లేకుండా. ఈయన ఏటా రెండుసార్లు వెళ్ళొచ్చే మనిషి. ఈ క్షణంలో లేచి ఇదేం నది అంటాడు, అమ్మ వింటుంది, అయిపోతుంది. స్టీమరు ముక్కు తెర అంచున పొడుచుకొచ్చింది.

"ప్రియులారా, కళ్ళు మూసుకుని ప్రార్థన చేద్దాం" అన్నాను.

మూసుకున్నారు. బ్రదరు అందరికంటే ముందు, చేతులు రెండూ పైకెత్తి మరీ మూసుకున్నాడు. ఏదో ప్రార్థించాను. ఏం ప్రార్థించానో నాకు తెలియదు, కళ్ళు స్టీమరు మీదే ఉన్నాయి. తెల్లామె చెయ్యి ఊపి వెళ్ళిపోయింది. "ఆమెన్" అన్నాను. దీపాలు వేశాక చూస్తే బ్రదరు కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"గాడనే అక్కా! గా కొండ కాడనే నిలబడ్డ నేను. పోయినసారి గాడనే పదిమందిని ముంచిన" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నిసార్లు వెళ్ళొచ్చిన మనిషికి నది తెలియదు. తెలియదని ఒప్పుకునే ధైర్యమూ లేదు. జనం ముందు లేని కొండ కింద నిలబడి ఏడుస్తున్నాడు. మా నాన్నకైనా చూడలేదన్న సాకు ఉంది. అప్పుడే డబ్బా ఆయన చేతిలో పెట్టేశాను. ఇలాంటివాడికి ఇలాంటి నదే సరిపోతుంది అనుకున్నాను. అనుకుని తృప్తిపడ్డాను కూడా.

నెల తిరక్కుండా పంజగుట్టలో ఒక ఫంక్షన్ హాల్లో ఆయన పెద్ద మీటింగు పెట్టాడు. రీలుని గోడ మీద వేసి, పెళ్ళిళ్ళ వీడియోవాళ్ళ చేత తీయించి, సీడీకి ఎక్కించాడట. కీబోర్డు సంగీతం కలిపాడు. స్టేజి ఎక్కితే ఆయన భాష మారిపోతుంది. "ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, ఇదిగో, ఈ తీరముననే ఈ దాసుడు నిలిచియున్నాడు" అన్నాడు. తెర మీద నది పారింది. నేను స్టీమరు కోసం చూస్తున్నాను. ఇంతమందిలో ఇప్పుడెలా తప్పించుకుంటాడో చూద్దామని, నిజం చెప్పొద్దూ, కాస్త ఉత్సాహంగానే చూస్తున్నాను. స్టీమరు రాలేదు. నది ఒక్కసారి చిన్నగా ఎగిరి మళ్ళీ పారింది. మధ్య ముక్క తీయించేసి, ముందున్న నీళ్ళనే మళ్ళీ అతికించాడు.

అంటే చూశాడన్నమాట. తెలుసన్నమాట. ఒక్క మాట అడగకుండా, నాకొక్క మాట చెప్పకుండా, కత్తిరించి పారేశాడు. హాలు చివర నేను నిలబడి ఉంటే ఆయన స్టేజి మీంచి నన్ను చూసి తల పంకించాడు. ఒకే వ్యాపారంలో ఉన్నవాళ్ళు రోడ్డు మీద ఎదురైతే అలాగే తల పంకిస్తారు.

అమ్మ పదిరోజుల టూరుకి వెళ్ళింది. స్వెట్టరు, మంకీక్యాపు, అల్లం మురబ్బా, మోకాళ్ళ నూనె సర్దాను. నదిలో మునిగేటప్పుడు వేసుకోవడానికి టూరువాళ్ళు అందరికీ ఒక తెల్ల గౌను ఇచ్చారు. దాన్ని ఆవిడ వెళ్ళే ముందు రోజు గడ్డం కింద పెట్టుకుని అద్దంలో చూసుకుంది. నేను చూశానని చటుక్కున దింపేసింది. బేగంపేట ఎయిర్‌పోర్టులో అద్దం అవతలి నుంచి చెయ్యి ఊపింది. ఆ పది రోజులూ నేను ఎవరినీ ఏమీ అనలేదు. ఆఫీసులో అడిగారు, ఒంట్లో బాగాలేదా అని.

తిరిగొచ్చిన రోజు మిగతావాళ్ళు మెళ్ళో కొయ్య సిలువలతో, చేతుల్లో యొర్దాను నీళ్ళ సీసాలతో పాటలు పాడుకుంటూ బయటికొచ్చారు. అమ్మ చివర్న వచ్చింది. అలసట అనుకున్నాను. ఇంటికొచ్చి చారన్నం తిని పడుకుంది. మర్నాడు పెట్టె విప్పి బట్టలు తీస్తుంటే తెల్ల గౌను చేతికొచ్చింది. ప్లాస్టిక్ కవరులోనే ఉంది. మడత మీద గుండుసూదులు కూడా తియ్యలేదు.

"మునగలేదా?" అన్నాను.

"ఎక్కడ మునగను?" అంది. "యొర్దానుకి తీసుకెళ్ళందే?"

"అందరూ మునిగారటగా అమ్మా."

"వాళ్ళకేం తెలుసు, వాళ్ళు నాన్న సినిమా చూసిన మొహాలా? మట్టి నీళ్ళు. మా ఊరి పంటకాలవ కంటే సన్నం. ఈ గట్టు మీద మనం, ఆ గట్టు మీద సోల్జర్లు, మధ్యలో రెల్లు గడ్డి. మా ఊళ్ళో గేదెలు కూడా అంతకంటే మంచి నీళ్ళల్లో పడుకుంటాయి. నాకు బాప్తిస్మం అయింది పంటకాలవలోనే. మళ్ళీ కాలవలో మునగడానికి విమానం ఎక్కాలా? అందరూ ఏడుస్తూ దిగుతుంటే నేను చెప్పులు విప్పకుండా గట్టు మీదే కూర్చున్నాను. అసలుదాని దగ్గరికి తరవాత తీసుకెళ్తాడేమోనని చూశాను. మర్నాడు విమానం ఎక్కించేశాడు."

గౌను నా చేతిలోనే ఉంది. ఆవిడ ఆ నది గట్టున, ప్రభువు మునిగిన నీళ్ళకి నాలుగడుగుల దూరంలో, చెప్పులు వేసుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, యొర్దాను కోసం ఎదురు చూస్తూ కూర్చుంది. నలభై ఏళ్ళకి పైగా అడిగింది ఆ నాలుగడుగులే. నాన్న గమ్ముతో అతికిస్తే నేను ప్రార్థనతో అతికించాను.

చెప్పాల్సింది అప్పుడే. నోట్లోనే ఉంది మాట. బియ్యం ఏరాలని లేచి వంటింట్లోకి వెళ్ళాను.

ఆదివారం ఇన్‌స్టిట్యూట్ హాల్లో టూరుకి వెళ్ళొచ్చినవాళ్ళ సాక్ష్యాలు. ఒక్కొక్కరే మైకు పట్టుకుని ఏడ్చారు. మోకాళ్ళ నొప్పి పోయిందన్నారు, అల్లుడికి ప్రమోషన్ వచ్చిందన్నారు. అమ్మ చెయ్యెత్తితే బ్రదరు సంతోషంగా మైకు పంపించాడు.

"బ్రదర్ గారూ, ఒక్క సంగతి" అంది అమ్మ. "నన్ను తీసుకెళ్ళారు, మంచి తిండి పెట్టారు, మీకు రుణపడి ఉంటాను. కానీ మీరు సినిమాలో చూపించిన యొర్దానుకి మమ్మల్నెందుకు తీసుకెళ్ళలేదు? మీరు నిలబడిన కొండ, ఆ ద్రాక్షతోటలు మాకెందుకు చూపించలేదు? రీలు మీకిచ్చింది దానికేగా."

వెనక ఎవరో దగ్గారు. బ్రదరు నవ్వు మొహం మీదే ఉండిపోయింది, దింపడం మరిచిపోయాడు. తరవాత నా వైపు చూశాడు. నేనూ చూశాను. అది యొర్దాను కాదని ఆయన చెప్పలేడు, నిలబడ్డానన్నాడు గనక. నేను చెప్పలేను, నాన్న గనక. నేను చెబుతానేమోనని ఆయన, ఆయన చెబుతాడేమోనని నేను, ఒకరినొకరు చూసుకున్నాం. ఆ హాల్లో ఆ క్షణంలో కళ్ళు తెరిచి ఉన్నది మేమిద్దరమే.

"అమ్మా" అన్నాడు చివరికి. స్టేజి భాష పోయింది. "గది ఎగువన ఉంటదమ్మా. గిప్పుడు మిలిటరీ పెట్టిండ్రు. ఎవ్వల్నీ పోనిస్తలేరు. నేను పోయినప్పుడు ఇడిసిండ్రు. ప్రార్థన చేయుండ్రి, దేవుడు మళ్ళ తెరుస్తడు."

జనం "ఆమెన్" అన్నారు. గట్టిగా, గుడ్డలు కప్పిన కంప్యూటర్లు అదిరేలా అన్నారు. ఎంత నీచుడు అనుకున్నాను. ముసలావిడ నోటి దగ్గర ఉన్నదాన్ని మిలిటరీ పేరు చెప్పి లాగేసుకున్నాడు అనుకున్నాను. ఇంటికి వెళ్ళేదారంతా మనసులో ఆయన్ని తిడుతూనే ఉన్నాను. అమ్మ నా భుజం పట్టుకుని నెమ్మదిగా నడిచింది. జిరాక్సు షాపుల ముందు పిల్లలు దారివ్వలేదు. వాళ్ళనీ తిట్టాను.

ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాక అమ్మ అడిగింది.

"ఆ బ్రదర్ మాట నేను నమ్మను. ఆయన మొహం చూస్తేనే తెలుస్తుంది. నువ్వు చెప్పు. నువ్వు నాన్న పక్కనే ఉండేదానివి, రీళ్ళన్నీ నీకు తెలుసు. అసలు ఆ నది ఉందా? లేకపోతే నేను కూర్చున్న గట్టేనా యొర్దాను?"

అడిగింది. ఇంత విడమరిచి, ఇంత దగ్గరగా. నాన్న పోయి చాలా ఏళ్ళయింది, ఆయనకి ఇంక పోయే పరువు లేదు. నిజం చెబితే ఆవిడ కొంచెంసేపు ఏడుస్తుంది, నాన్నని తిడుతుంది, నన్ను తిడుతుంది. తరవాత యొర్దాను గట్టున ఒక పూట కూర్చుని వచ్చిన మనిషి అవుతుంది. మునగకపోతే ఏం, చూసింది. ఆ నీళ్ళ వాసన చూసింది. ఇదంతా నాకు అప్పుడే తెలుసు, తరవాత తట్టింది కాదు.

"ఉందమ్మా" అన్నాను. "మిలిటరీవాళ్ళు ఆపేసి ఉంటారు."

ఆవిడ నా మాట నమ్మింది. బ్రదర్‌ని నమ్మని మనిషి నన్ను నమ్మింది.

"అయితే అంత దూరం వెళ్ళి చూడకుండానే వచ్చేశానన్నమాట" అంది. చెప్పులు విప్పి మంచం కిందకి తోసుకుని, గోడ వైపు తిరిగి పడుకుంది.